విల్‌హెల్మ్ రాంట్‌జెన్

విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్ (మార్చి 27, 1845 - ఫిబ్రవరి 10, 1923) ప్రసిద్ధ జర్మన్ భౌతిక శాస్త్రవేత్త. 1895లో ఎక్స్ కిరణాలను కనుగొని, శరీరాన్ని కోయకుండానే లోపలి ఎముకను చూసే మార్గాన్ని వైద్యలోకానికి చూపించాడు. 1901లో మొట్టమొదటిసారిగా ప్రదానం చేసిన భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ఈయనకే లభించింది. నోటి క్యాన్సర్ దవడ ఎముకలోకి దిగిందా లేదా అన్న సంగతిని శస్త్రచికిత్సకు ముందే తేల్చుకోవడానికి నేడు చేస్తున్న పరీక్షలకు తొలి మెట్టు ఈయన కనుగొన్న కిరణమే. ఈ వ్యాసంలో రాంట్‌జెన్ జీవిత విశేషాలతో పాటు, దవడ ఎముక విషయంలో ఆయన కిరణాలు చేసిన మేలు, వాటి హద్దులు కూడా చూడవచ్చు.

బాల్యము, విద్యాభ్యాసము

రాంట్‌జెన్ జర్మనీలోని రైన్ ప్రాంతంలో లెన్నెప్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి బట్టల వ్యాపారి. తల్లి పుట్టినిల్లు హాలెండు దేశం. తల్లిదండ్రులకు ఈయన ఒక్కడే సంతానం. ఈయనకు మూడేళ్ళ వయసప్పుడు, 1848లో, కుటుంబం హాలెండులోని అపెల్డూర్న్ పట్టణానికి తరలివెళ్ళింది. చిన్ననాడు చదువులో అసాధారణ ప్రతిభ ఏమీ కనబరచలేదు గాని, చేతిపనిలోనూ యంత్రాలను విప్పి బిగించడంలోనూ మంచి నేర్పరి. ఆ నేర్పు తరువాతి కాలంలో ఆయనకు బాగా అక్కరకు వచ్చింది. ప్రయోగశాలలోని పరికరాలు చాలావరకు స్వయంగా తయారు చేసుకొనేవాడు.

1862లో యూట్రెక్ట్ నగరంలోని సాంకేతిక పాఠశాలలో చేరాడు. అక్కడ తోటి విద్యార్థి ఒకడు ఉపాధ్యాయుని వికృతంగా చిత్రించాడు. బొమ్మ గీసినవాని పేరు చెప్పమని పెద్దలు అడిగినప్పుడు రాంట్‌జెన్ చెప్పలేదు. ఫలితంగా ఆయననే పాఠశాల నుండి వెళ్ళగొట్టారు. పాఠశాల చదువు పూర్తయినట్లు ధ్రువపత్రం లేని కారణంగా విశ్వవిద్యాలయపు తలుపులు మూసుకుపోయాయి. ఇతరుని తప్పును తన నెత్తిన వేసుకున్న ఈ పిల్లవానికి స్విట్జర్లాండులోని జ్యూరిక్ సమాఖ్య పాలిటెక్నిక్ దారి చూపింది. ఆ సంస్థ ధ్రువపత్రంతో నిమిత్తం లేకుండా ప్రవేశం ఇచ్చేది. 1865లో అక్కడ చేరి 1868లో యంత్రశాస్త్రంలో పట్టా, 1869లో జ్యూరిక్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

ఉద్యోగము, వివాహము

జ్యూరిక్‌లో ఆచార్య ఆగస్ట్ కుంట్ వద్ద సహాయకునిగా చేరిన రాంట్‌జెన్ 1870లో ఆయన వెంట వుర్జ్‌బర్గ్ వెళ్ళాడు. పాత ధ్రువపత్రం సమస్య అక్కడా వెంటాడింది. ఆ విశ్వవిద్యాలయం ఈయనకు బోధనాధికారం ఇవ్వడానికి నిరాకరించింది. తరువాత స్ట్రాస్‌బర్గ్‌లో 1874లో ఆ అధికారం లభించింది. హోహెన్‌హైమ్, మళ్ళీ స్ట్రాస్‌బర్గ్, గీసెన్ (1879) విద్యాసంస్థలలో పనిచేసి, ఒకప్పుడు తనను కాదన్న వుర్జ్‌బర్గ్‌కే 1888లో ఆచార్యునిగా తిరిగివచ్చాడు. 1894లో దానికి రెక్టరు కూడా అయ్యాడు. వాయువుల విశిష్టోష్ణం, స్ఫటికాల ఉష్ణవాహకత, విద్యుత్ క్షేత్రంలో కదిలే పదార్థాల అయస్కాంత ప్రభావం మొదలైన వాటిపై ఈ కాలంలో ఎన్నో పరిశోధనలు చేశాడు. ఎక్స్ కిరణాల వెలుగులో ఇవన్నీ మరుగున పడిపోయాయి.

1872లో జ్యూరిక్‌లోని ఒక కాఫీశాల యజమాని కుమార్తె అన్నా బెర్తా లుడ్విగ్‌ను వివాహమాడాడు. ఆమె ఈయనకంటే ఆరేళ్ళు పెద్ద. వారికి సంతానం లేకపోవడంతో బెర్తా సోదరుని కుమార్తెను తెచ్చి పెంచుకున్నారు.

ఎక్స్ కిరణాల ఆవిష్కరణ

1895 నవంబరు 8, శుక్రవారం సాయంకాలం. రాంట్‌జెన్ తన ప్రయోగశాలలో గాలి తీసివేసిన గాజుగొట్టం గుండా విద్యుత్తును పంపుతూ కాథోడ్ కిరణాలను పరీక్షిస్తున్నాడు. గొట్టాన్ని నల్లని అట్టతో పూర్తిగా కప్పి, గదిని చీకటి చేశాడు. అయినా కొంత దూరంలో ఉన్న, బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన కాగితపు తెర మిణుకుమిణుకుమని వెలిగింది. కాథోడ్ కిరణాలు గాలిలో అంతదూరం పోలేవని అప్పటికే తెలుసు. కనుక అట్టను దాటి వచ్చినది మరేదో కిరణమని ఆయన గ్రహించాడు. అది ఏమిటో తెలియదు కాబట్టి, గణితంలో తెలియని రాశికి వాడే అక్షరంతో దానిని ఎక్స్ కిరణమని పిలిచాడు.

ఇటువంటి గొట్టాలతో యూరపులో అప్పటికి అనేకులు పనిచేస్తున్నారు. వారిలో కొందరి ఫోటో పలకలు కారణం తెలియకుండా పాడైపోయేవి కూడా. కంటబడిన వింతను వదలక పట్టుకోవడమే రాంట్‌జెన్ గొప్పతనం. ఏడు వారాల పాటు ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా పరీక్షలు సాగించాడు. భోజనం, నిద్ర కూడా చాలా రోజులు ప్రయోగశాలలోనే. కాగితం, కర్ర, రబ్బరు, పలుచని లోహపు రేకులు కిరణాలకు దారి ఇస్తున్నాయి. సీసం అడ్డుకుంటోంది. తన చేతిని అడ్డుపెట్టినప్పుడు తెరపై కండ నీడ పలుచగా, ఎముక నీడ చిక్కగా కనబడింది. ఎముకలో కాల్షియం ఎక్కువగా ఉండడం వలన కిరణాలను అది ఎక్కువగా పీల్చుకుంటుంది. వైద్యంలో ఎక్స్‌రే ఉపయోగానికి మూలసూత్రం ఇదే.

డిసెంబరు 22న భార్య చేతిని ఫోటో పలకపై పెట్టించి, సుమారు పావుగంట పాటు కిరణాలు ప్రసరింపజేసి చిత్రం తీశాడు. వేళ్ళ ఎముకలు, ఉంగరం స్పష్టంగా పడ్డాయి. తన అస్థిపంజరాన్ని తానే చూసుకున్న ఆమెకు మృత్యువు కళ్ళ ఎదుట నిలిచినట్లయిందని చెబుతారు. డిసెంబరు 28న వుర్జ్‌బర్గ్ భౌతిక వైద్య సంఘానికి తన తొలి పత్రాన్ని సమర్పించాడు. 1896 జనవరి 1న దాని ప్రతులను, కొన్ని చిత్రాలను స్నేహితులకు పోస్టు చేశాడు. వియన్నాలోని మిత్రుడు ఎక్స్‌నర్ ద్వారా సంగతి పత్రికకెక్కి, జనవరి 5 నాటికి లోకానికి తెలిసిపోయింది. జనవరి 13న బెర్లిన్‌లో చక్రవర్తి సమక్షంలో ప్రదర్శన ఇచ్చాడు. జనవరి 23న వుర్జ్‌బర్గ్ సభలో వృద్ధ శరీరశాస్త్రజ్ఞుడు కోలికర్ చేతిని అందరి ఎదుట చిత్రించగా, ఈ కిరణాలకు రాంట్‌జెన్ పేరు పెట్టాలని కోలికరే ప్రతిపాదించాడు. జర్మన్ భాషలో నేటికీ ఆ పేరే వాడుక.

పేటెంటు తీసుకోకపోవడం

రాంట్‌జెన్ తన ఆవిష్కరణపై పేటెంటు తీసుకోలేదు. విశ్వవిద్యాలయంలో పుట్టిన విద్య అందరిదీ అని ఆయన అభిప్రాయం. నోబెల్ బహుమతి సొమ్మును వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశాడు. బవేరియా ప్రభుత్వం ఇవ్వజూపిన ప్రభు బిరుదును పేరుకు తగిలించుకోవడానికి ఒప్పుకోలేదు. సభలన్నా, ఉపన్యాసాలన్నా బెదురు. స్టాక్‌హోమ్ వెళ్ళి బహుమతి అందుకున్నా నోబెల్ ఉపన్యాసం మాత్రం ఇవ్వలేదు.

ఈ నిర్ణయం వలన పరికరం ఎక్కడివారు అక్కడే తయారు చేసుకోగలిగారు. కొన్ని వారాలలోనే యూరపు, అమెరికా ఆసుపత్రులలో విరిగిన ఎముకలకు, శరీరంలో దిగబడిన తూటాలకు చిత్రాలు తీయసాగారు. భారత ఉపఖండానికి కూడా రెండేళ్ళు తిరగకుండానే ఇది చేరింది. 1897-98లో వాయవ్య సరిహద్దున జరిగిన తీరా దండయాత్రలో సైనిక వైద్యుడు బీవర్ ఎక్స్‌రే పరికరాన్ని యుద్ధభూమిలోనే వాడాడు.

దవడ ఎముకపై తొలి చూపు

దవడకు వచ్చేసరికి కథ మరింత త్వరగా మొదలైంది. తొలి పత్రం వెలువడిన కొద్దిరోజులకే, 1896 జనవరిలో, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ దంతవైద్యుడు ఒట్టో వాల్క్‌హాఫ్ నల్ల కాగితంలో, రబ్బరులో చుట్టిన చిన్న గాజు పలకను నోటిలో పెట్టుకొని తన దంతాల చిత్రాన్నే తీయించుకున్నాడు. అందుకు 25 నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చింది.

అంతకు ముందు నోటిలోని కణితి ఎముకలోకి ఎంతవరకు పోయిందో తెలియాలంటే శస్త్రవైద్యునికి కన్ను, వేలు, ఆపైన కత్తి తప్ప సాధనం లేదు. 1893 జులైలో అమెరికా అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్‌కు అంగిలిలో కణితి లేచింది. ప్రజలకు తెలియకుండా ఒక విహారనౌకపై శస్త్రచికిత్స చేసి ఎడమవైపు పై దవడ భాగాన్ని తీసివేశారు. కొద్దిరోజులకే మిగిలిందన్న అనుమానంతో మరల కోయవలసి వచ్చింది. ఎక్స్ కిరణాలు వెలుగు చూడడానికి అది రెండేళ్ళ ముందటి మాట.

కిరణాలు వచ్చాక కూడా కష్టం పూర్తిగా తీరలేదు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు 1923 ఏప్రిల్‌లో వియన్నాలో నోటిలోని పుండును పైపైన తొలగించారు. అది చాలలేదు. అక్టోబరులో శస్త్రవైద్యుడు పిక్లర్ కుడి పై దవడలో చాలా భాగాన్ని, కింది దవడలో కొంత భాగాన్ని, మెత్తని అంగిలిని తీసివేసి, ఆ ఖాళీలో కృత్రిమ దవడను అమర్చవలసి వచ్చింది. ఆ తరువాత 1939లో మరణించే వరకు ఫ్రాయిడ్ ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు చేయించుకున్నాడు. రాంట్‌జెన్ మరణించినది కూడా ఆ 1923లోనే.

ఎముకలోకి దిగడం అంటే ఏమిటో ఇక్కడ కొంత వివరించాలి. బుగ్గ లోపలి పొరలో, చిగురులో, నాలుక కింద లేచిన పుండు పెరిగి పెరిగి దవడను తాకుతుంది. ఎముకకు పైన గట్టి పెచ్చు, లోపల మెత్తని మూలుగ ఉంటాయి. క్యాన్సర్ కొందరిలో పెచ్చును అంచు వెంబడి సమంగా కొరుకుతూ పోతుంది. మరికొందరిలో చెదపురుగు వలె సందులు చేసుకొని మూలుగలోకి చొరబడుతుంది. రెండవది ప్రమాదకరం. పళ్ళున్న దవడలో దంతమూలాల పక్కగా, పళ్ళు ఊడిన దవడలో పై గట్టు మీదుగా దిగుతుంది. కింది దవడ లోపల ఒక సన్నని కాలువలో నరం పోతుంటుంది. క్యాన్సర్ దానిని పట్టుకుంటే కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి. పెదవి తిమ్మిరిని రోగులు తరచు లెక్కచేయరు గాని, అది ఎంతో విలువైన సూచన. అలాగే కారణం లేకుండా పన్ను కదలడం, పీకిన పంటి గుంట వారాలు గడిచినా మానకపోవడం. పన్ను కదులుతోందని వెంటనే పీకించుకోకుండా, ముందు పుండును పరీక్ష చేయించి చిత్రం తీయించడం మేలు.

శస్త్రవైద్యుడు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: దవడ ఉంటుందా, పోతుందా? క్యాన్సర్ ఎముకను కేవలం ఆనుకొని ఉన్నా, పెచ్చును కొద్దిగా మాత్రమే కొరికినా, దవడ పై అంచును మాత్రం చెక్కివేసి కింది అంచును నిలపవచ్చు. అప్పుడు ముఖాకృతి చెడదు. మూలుగలోకి, నరపు కాలువలోకి దిగి ఉంటే దవడలో ఆ ముక్కను నిలువునా తీసివేయక తప్పదు. గడ్డం దగ్గరి వంపు పోతే ముఖం కుంగి, నోటిలోని లాలాజలం నిలవక, మాటా ముద్దా కష్టమవుతాయి. 1989 నుండి కాలిలోని సన్నని ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి దవడగా మలచే పద్ధతి వాడుకలోకి వచ్చింది గాని, అది గంటల కొద్దీ సాగే పెద్ద శస్త్రచికిత్స. అనవసరంగా దవడను తీస్తే రోగి బతుకంతా అవిటితనం. అవసరమైన చోట తీయకుంటే లోపల మిగిలిన క్యాన్సర్ మళ్ళీ లేస్తుంది. వృద్ధులలో మరొక చిక్కు కూడా ఉంది. పళ్ళు లేని దవడ అరిగి సన్నబడుతుంది కనుక, పై అంచు చెక్కితే మిగిలినది విరిగిపోవచ్చు.

ఈ ప్రశ్నకు రాంట్‌జెన్ కిరణం ఇచ్చే జవాబు సగమే. ఎక్స్‌రే చూపేది నీడను. ఎముకలోని ఖనిజం 30 నుండి 50 శాతం వరకు కరిగిపోతే గాని ఆ నీడలో తేడా కనబడదు. కాబట్టి ఎక్స్‌రేలో ఎముక తినివేసినట్లు కనబడితే చాలావరకు నమ్మవచ్చు. ఏమీ కనబడనంత మాత్రాన ఎముక భద్రమని నమ్మరాదు. ఈ రెండవ మాటను రోగులే కాదు, వైద్యం తెలిసినవారు కూడా ఒక్కొక్కప్పుడు మరచిపోతుంటారు. ఫిన్లాండుకు చెందిన పాటెరో రూపొందించిన విధానంతో, యంత్రం తల చుట్టూ తిరుగుతూ రెండు దవడలను ఒకే పొడుగాటి చిత్రంగా తీస్తుంది. మన ఊళ్ళ దంతవైద్యశాలలలో ఓ.పి.జి. అని పిలిచేది ఇదే. ఖర్చు తక్కువ. దంతాలు, దవడ ఎత్తు, నరపు కాలువ అన్నీ ఒకచోట చూడవచ్చు. అయితే మధ్యలో మెడ వెన్నుపూసల నీడ పడి గడ్డం భాగం మసకబారుతుంది. నాలుక వైపున్న పెచ్చు సరిగా తెలియదు.

నీడ నుండి పొరలకు

నీడలు ఒకదానిపై ఒకటి పడడమనే లోపాన్ని సరిచేసినవాడు ఇంగ్లండుకు చెందిన హౌన్స్‌ఫీల్డ్. రాంట్‌జెన్ కిరణాలనే చుట్టూ అన్ని వైపుల నుండి పంపి, కంప్యూటరు లెక్కలతో శరీరాన్ని పొరలు పొరలుగా చూపే సి.టి. స్కాన్‌తో ఆయన 1971లో తొలి రోగిని పరీక్షించాడు. 1979లో కార్మాక్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. సన్నని పొరలుగా తీసిన సి.టి.లో ఎముక పెచ్చులోని చిన్న తెగు కూడా తెలుస్తుంది. పరీక్షలో రోగిని బుగ్గలు పూరించి గాలి పట్టుకొమ్మంటారు. అప్పుడు బుగ్గ, చిగురు విడివడి పుండు ఎక్కడ పుట్టిందో తేటపడుతుంది. పళ్ళలోని లోహపు పూరకాలు, తొడుగులు మాత్రం చిత్రంపై గీతలు గీసి ఇబ్బంది పెడతాయి.

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్ కిరణాలు లేవు. అయస్కాంత క్షేత్రంతో పనిచేసే ఈ పరీక్ష మూలుగలోని మార్పును, నరం వెంట పాకిన వ్యాధిని బాగా పట్టుకుంటుంది. అయితే ఇటీవల పన్ను పీకించుకున్నా, చిగుళ్ళలో చీము ఉన్నా, ఆ వాపును కూడా క్యాన్సరేమో అన్నట్లు చూపవచ్చు. అందుచేత పెచ్చుకు సి.టి., మూలుగకు ఎం.ఆర్.ఐ. అని వైద్యులు రెండింటినీ కలిపి చదువుతారు. ఎముకల అణుస్కాను వ్యాధిని త్వరగా పసిగడుతుంది గాని, పంటి చీముకూ క్యాన్సర్‌కూ తేడా చెప్పలేదు. 1990ల చివర వచ్చిన కోన్ బీమ్ సి.టి. తక్కువ కిరణాలతో ఎముకను చక్కగా చూపుతుంది. మెత్తని కండను చూపడంలో అది వెనుకబాటే. ఏ చిత్రమైనా పుండు క్యాన్సర్ అవునో కాదో చెప్పదు. దానికి ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడవలసిందే.

తెలుగునాట

తెలుగు ప్రాంతాలలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం పల్లెలలో, చుట్ట నిప్పు కొసను నోటిలోపల ఉంచి పీల్చే అడ్డపొగ అలవాటు స్త్రీలలో ఎక్కువగా ఉండేది. ఈ అలవాటుకు, అంగిలి క్యాన్సర్‌కు ఉన్న సంబంధాన్ని డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లో ప్రచురించిన వ్యాసం వెల్లడించింది. అంగిలి ఎముక రేకు వలె పలుచన. దాని పైన ముక్కు, పక్కన బుగ్గ ఎముకలోని గాలిగది. ఓ.పి.జి. ఇక్కడ అంతగా సాయపడదు. ముఖానికి సమాంతరంగా నిలువు పొరలుగా చూపే సి.టి. కావాలి.

రాయలసీమలో చుట్టకంటే వక్కాకు, పొగాకు నమలడం ఎక్కువ. శ్రీ సత్యసాయి జిల్లాలో (2022కు పూర్వం అనంతపురం జిల్లా) కర్ణాటకను ఆనుకొని ఉన్న మడకశిర ప్రాంతం ఇందుకు ఉదాహరణ. చుట్టూ వాన కురవని మెట్టభూములే అయినా, మడకశిర పరిసరాలలోని అమరాపురం, అగళి, రొళ్ళ వైపు బోరునీటి మీద వక్కతోటలు సాగవుతున్నాయి. వక్క ఇక్కడ పెళ్ళి తాంబూలంలోనూ ఉంది, కూలి పనివారి సంచిలోనూ ఉంది. పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. వక్కాకును బుగ్గన దాచుకొనే అలవాటు వలన పుండు సాధారణంగా బుగ్గకు, కింది చిగురుకు మధ్య లేస్తుంది. దవడ ఎముక అక్కడికి అతి సమీపం.

అనంతపురం జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ కాలంలో దక్షిణాదికి పెద్ద దిక్కు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో 1934లో ప్రారంభమైన బర్నార్డ్ రేడియాలజీ సంస్థ. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట క్యాన్సర్ ఆసుపత్రి 1955లో వెలసింది. మడకశిరవారికి హైదరాబాదుకంటే బెంగుళూరే దగ్గర కాబట్టి, అక్కడ 1973లో ఏర్పడిన కిద్వాయ్ సంస్థ అందుబాటులోకి వచ్చింది. ఎముకల రేడియాలజీలో అంతర్జాతీయ ఖ్యాతి గడించిన తెలుగువాడు డాక్టర్ కాకర్ల సుబ్బారావు (1925-2021), నిమ్స్ సంచాలకునిగా ఈ శాస్త్రానికి తెలుగునాట గట్టి పునాది వేశాడు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో తొలివిడతగా మొదలైన మూడు జిల్లాలలో అనంతపురం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. వక్కాకు సీమకు, అడ్డపొగ సీమకు క్యాన్సర్ శస్త్రచికిత్స ఉచితంగా అందే వీలు ఆ విధంగా ఒకేసారి కలిగింది.

కిరణాల కీడు

తొలినాళ్ళలో ఎక్స్ కిరణాల ప్రమాదం ఎవరికీ తెలియదు. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ వీటి వలన చేతులు కోల్పోయి 1904లో మరణించాడు. అమెరికాలో దంత ఎక్స్‌రేకు ఆద్యుడైన ఎడ్మండ్ కెల్స్ వేళ్ళకు క్యాన్సర్ సోకి, అనేక శస్త్రచికిత్సల పిదప 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఇటువంటి వారి స్మృతిగా 1936లో హాంబర్గ్‌లో స్తంభం నెలకొల్పారు.

చివరి రోజులు

1900లో రాంట్‌జెన్ మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి మారి, పదవీ విరమణ వరకు అక్కడే పనిచేశాడు. ఎక్స్ కిరణాలపై ఆయన రాసినవి మొత్తం మూడే పత్రాలు. కాథోడ్ కిరణాలపై పరిశోధించిన లెనార్డ్ ఈ ఆవిష్కరణలో తనకు దక్కవలసిన కీర్తి దక్కలేదని జీవితాంతం కినుక వహించాడు. రాంట్‌జెన్ ఆ వివాదంలోకి దిగలేదు. దీర్ఘకాలం జబ్బుతో ఉన్న భార్య 1919లో మరణించింది. మొదటి ప్రపంచయుద్ధానంతరం జర్మనీలో డబ్బు విలువ పడిపోవడంతో ఆయన కూడబెట్టినది కరిగిపోయింది. మ్యూనిక్ సమీపంలోని వైల్‌హైమ్ పల్లె ఇంటిలో చాలాకాలం గడిపాడు.

1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో రాంట్‌జెన్ కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు శాస్త్ర విషయకమైన కాగితాలను, ఉత్తరాలను చాలావరకు కాల్చివేశారు. అస్థికలను గీసెన్‌లో తల్లిదండ్రుల, భార్య సమాధుల చెంత ఉంచారు. 111వ మూలకానికి 2004లో రాంట్‌జీనియం అని పేరు పెట్టారు. నవంబరు 8వ తేదీని 2012 నుండి అంతర్జాతీయ రేడియాలజీ దినంగా జరుపుతున్నారు.